కుక్కపిల్ల కావాలా? సొంతిల్లు ఉందా?

రాత్రి పదింటికి ఫోన్‌లో ఒక ఫొటో దిగుతుంది. అట్టపెట్టెలో నాలుగు కుక్కపిల్లలు, కళ్ళ నిండా పుసులు. కింద పెద్దక్షరాల్లో కేక: "అర్జెంట్! తల్లిని లారీ తొక్కేసింది. ఈ రాత్రికి ఎవరూ తీసుకోకపోతే ఇవి బతకవు. ప్లీజ్ షేర్." మనసు కరిగినవాడెవడో ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు. ఎత్తరు. మెసేజ్ పెడతాడు. నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. మర్నాడు మధ్యాహ్నానికి ఒక లింకు వస్తుంది. నొక్కితే ఫారం. మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లీషు. ఇల్లు సొంతమా, అద్దెదా? పెళ్ళయిందా? ఏ కంపెనీలో ఉద్యోగం? ఇంట్లో ఎంతమంది, అందరూ ఒప్పుకున్నారా? కుక్క రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? మీరు విదేశాలకు వెళ్తే ఏం చేస్తారు? పిల్లలు పుడితే ఏం చేస్తారు? ఆధార్ కాపీ, ఇల్లంతా తిప్పి తీసిన వీడియో, ఓనరు సంతకం పెట్టిన ఒప్పుకోలు ఉత్తరం జతచేయాలి. ఆ పైన ఫోన్ ఇంటర్వ్యూ. అది గట్టెక్కితే హోమ్ చెక్.

ఈ రాత్రికి బతకవన్న పిల్లలకు పది రోజుల విచారణ! ఫొటో కింద ఏడ్చిన చెయ్యే ఆ ఫారమూ రాసింది. నా కోపమంతా ఆ చెయ్యి మీదే.

ఆసుపత్రులు, అంబులెన్సులు, ఆపరేషన్ థియేటర్లు నడిపే పెద్ద సంస్థల జోలికి నేను పోవడం లేదు. అమల, నాగార్జున 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి వాటి పని వేరు, బరువు వేరు. నేను తిడుతున్నది ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఒక వాట్సాప్ నంబరు, నలుగురైదుగురు వాలంటీర్లతో నడిచే చిన్న గుంపుల్ని. ఊరి నిండా ఉన్నాయి. మంచి మనసుతోనే పుట్టాయి, కాదనను. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడనే సామెత ఉంది చూశారూ, ఆ పూజారి ఉద్యోగం వీళ్ళలో చాలామందికి బాగా ఒంటబట్టింది.

ఆ ఫారంలోని ప్రశ్నలు హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికిన ప్రతివాడికీ కంఠతా వచ్చు. టు-లెట్ బోర్డు చూసి గేటు తడితే ఓనరుగారు మెట్ల మీదే నిలబడి అడిగేవి ఇవే. "బ్యాచిలర్సా? అయితే లేదండీ." "మేడం కూడా జాబ్ చేస్తారా? మరి పగలు ఇంట్లో ఎవరుంటారు?" "ఎన్నాళ్ళుంటారు? మధ్యలో అమెరికా గిమెరికా అనరు కదా?" ఆ ఓనర్ని మనసులో తిట్టుకోని కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఈ ఊళ్ళో లేరు. వాళ్ళలో కొందరే ఇవాళ రెస్క్యూ పేజీలు నడుపుతున్నారు. ఓనరు తమని గుమ్మంలో నిలబెట్టి అడిగిన ప్రశ్నల్ని చెక్కుచెదరకుండా మోసుకొచ్చి, కుక్క తరఫున మనల్ని అడుగుతున్నారు. కులం ఒక్కటే అడగడం లేదు. అంతవరకు నయం.

మా వీధి చివర అద్దె గదిలో ఒక నర్సమ్మాయి ఉంటుంది. ఖమ్మం పిల్ల. ఆసుపత్రి ఐసీయూలో పని. చెల్లెలు డిగ్రీ చదువుతోంది, ఇద్దరూ ఒకే గది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఇంటి నిండా కుక్కలూ మేకలూనట. ఆ అమ్మాయి అడిగింది బంతిలాంటి బుజ్జి కుక్కపిల్లని కాదు. వెనక కాలు విరిగి అతుక్కున్న, వయసొచ్చిన ఆడకుక్కని. దాన్ని ఎవరూ తీసుకోవడం లేదని పేజీలో పదే పదే పెడుతుంటే చూసి అడిగింది. ఫోన్లో జరిగిన సంభాషణ తనే నాకు చెప్పింది.

"మీది ఓన్ హౌసా అండీ?"

"కాదు మేడమ్, రెంటే. ఓనర్ని అడిగాను, కింద గదే కదా ఉంచుకోమన్నారు."

"మ్యారీడా?"

"కాలేదు మేడమ్."

"నైట్ షిఫ్టులుంటాయా?"

"ఉంటాయి. ఆ రోజుల్లో మా చెల్లి ఉంటుంది."

"రేపు మీకు పెళ్ళయి, మీ అత్తగారివాళ్ళు కుక్క వద్దంటే?"

"పెళ్ళికొడుకే ఇంకా దొరకలేదు సార్, అత్తగారి అభిప్రాయం ఎక్కణ్ణించి తెచ్చేది?" అని నవ్వేసింది నాతో. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగు రోజుల తర్వాత "సారీ, వేరే ఫ్యామిలీ ఫైనల్ అయింది" అని రెండు ముక్కల మెసేజ్ వచ్చిందట. ఆ ఫ్యామిలీ ఏమైందో గానీ, ఆ కుంటి కుక్క ఫొటో "అర్జెంట్" అంటూ ఆ పేజీలో ఆ తర్వాతా తిరుగుతూనే ఉంది.

పుండు కడగడం, కట్టు కట్టడం, వేళకి మందు వేయడం, జ్వరం చూడటం, ఒంటి మీద సోయి లేని ప్రాణిని రాత్రంతా కనిపెట్టుకుని కూర్చోవడం ఆ అమ్మాయి రోజూ చేసే పని. కాలు విరిగిన కుక్కకి ఇంతకంటే మంచి చేతులు ఈ నగరంలో ఎక్కడ దొరుకుతాయి? కానీ ఆ ఫారంలో చేతుల గురించి ప్రశ్నే లేదు. ఉన్నదంతా ఇంటి గురించి, మెడలో పుస్తెల గురించి, జీతం గురించి. కుక్కని సాకడం వచ్చా అని ఎవరూ అడగలేదు. సాకే హోదా ఉందా అని అడిగారు.

సొంతిల్లున్నవాళ్ళు కుక్కల్ని ఎంత చక్కగా చూస్తారో తెలుసుకోవాలంటే ఏ విల్లాల కాలనీలోనైనా మధ్యాహ్నం రెండింటికి నడవండి. గేటు పక్కన రెండడుగుల గొలుసుకి కట్టేసిన లాబ్రడార్లు, ఏసీ ఇంటి బాల్కనీలో ఎండకి నాలుక వేలాడేసుకున్న హస్కీలు కనిపిస్తాయి. పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడం, కట్టేసిన కుక్కని తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారమే నేరం. ఆ ఇళ్ళన్నీ సొంతిళ్ళే. వాళ్ళంతా పెళ్ళయినవాళ్ళే. ఫారం పెడితే ఫస్టు క్లాసులో పాసవుతారు.

ఇక అసలు ఫారం దాకా కూడా రానివాళ్ళ సంగతి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పాలమూరు మనిషి. సెల్లార్లో లిఫ్టు పక్కన ఒకటే గది. భార్య నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది, పిల్లలిద్దరూ సర్కారు బడికి పోతారు. ఆ గది గుమ్మంలో ఒక ఎర్ర కుక్క పడుకుంటుంది. దాన్నెవరూ దత్తత తీసుకోలేదు. వానకి తడిసి అదే వచ్చింది, వాళ్ళు పొమ్మనలేదు, ఉండిపోయింది. ఆదివారం చికెన్ కొట్టువాడు పారేసే మెడలూ కాళ్ళూ అడిగి తెచ్చి, ఇంత పసుపు వేసి, నూకలతో కలిపి ఉడకేసి పెడుతుంది ఆ ఇల్లాలు. మున్సిపాలిటీ బండి వచ్చి పట్టుకుపోయినప్పుడు వాచ్‌మన్ బండి వెనకాలే పోయి కనుక్కున్నాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కోసి తెచ్చి వదిలితే కుట్లు మానేదాకా మెట్ల కింద గోనెపట్టా వేసి పడుకోబెట్టారు. టీకా చీటీని పిల్లల ప్రోగ్రెస్ కార్డుల పక్కనే ట్రంకుపెట్టెలో దాచారు.

ఈ ఇల్లు ఏ రెస్క్యూ గుంపు లెక్కలోనూ ఇల్లు కాదు. సొంతం కాదు, అద్దెదీ కాదు. ఒప్పుకోలు ఉత్తరం ఇవ్వడానికి ఓనరే లేడు, అసోసియేషన్ ఉంది. ఇంగ్లీషు రాదు. జీతం కాలమ్‌లో రాసిన అంకె చూడగానే ఫారం పక్కన పడేస్తారు. హోమ్ చెక్‌కి ఎవరైనా వచ్చినా "కుక్కకి సెపరేట్ స్పేస్ లేదు" అని రాసుకుని పోతారు. ఆ పిల్లలకే సెపరేట్ స్పేస్ లేదు తల్లీ! అయినా కుక్క బతికింది, బాగా బతికింది.

ఈ ఊళ్ళో కుక్కల్ని ఇన్నేళ్ళుగా సాకుతున్నదెవరో ఒక్కసారి లెక్కేసుకోండి. వాచ్‌మన్లు, చాయ్ బండివాళ్ళు, ఆటోస్టాండు అన్నలు, టిఫిన్ సెంటర్లో గిన్నెలు తోమే ఆడవాళ్ళు, బస్తీ పిల్లలు. కార్లో వచ్చి పెడిగ్రీ చల్లిపోయే ఫీడర్లు తర్వాత వచ్చారు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధి కుక్కని "సముదాయ జంతువు" అన్నాయి. ఆ సముదాయంలో నూటికి ఎనభై మందిని అనర్హులుగా చూసే ఫారం పట్టుకుని, సముదాయం పేరు చెప్పుకునే హక్కు మీకెక్కడిది? నూటికి ఎనభై అన్నది జనగణన లెక్క కాదు, నా కోపం లెక్క. తప్పనిపిస్తే మీ ఇన్‌బాక్స్ తెరిచి సరిచేయండి.

వీళ్ళ భయం ఉత్తుత్తిది కాదని నాకూ తెలుసు. రెండు నెలల పిల్లని ముద్దుగా ఉందని తీసుకెళ్తారు. పది నెలలకి "పెద్దదైపోయిందండీ, పక్కింటివాళ్ళు గొడవ పెడుతున్నారు" అని తిరిగి తెస్తారు. తిరిగి తెచ్చేవాడు ఉత్తముడు. తేనివాడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన దించేసి ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. తీసుకునేవాళ్ళలో సగం మంది మొదటి మాట "మగది ఉందా?" ఆడపిల్ల వద్దనే జబ్బు మనవాళ్ళకి కుక్కల దగ్గరా పోలేదు. రెండో మాట "తెల్లగా, బొచ్చుగా ఉండేది లేదా?" నల్లటి నాటు ఆడకుక్కపిల్లని అడిగే నాథుడు లేడు. వాలంటీర్లలో చాలామంది సొంత జీతంలోంచి బోర్డింగ్ బిల్లులు కడుతూ అప్పులపాలయ్యారు. అర్ధరాత్రి ఫోన్లు, ఇంట్లో తిట్లు, కాలనీలో బూతులు వాళ్ళకి మామూలే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధి కుక్కలు చంపేసిన తర్వాత, కుక్క పేరెత్తిన ప్రతివాడినీ జనం హంతకుణ్ణి చూసినట్టు చూశారు. అది కూడా మోశారు వాళ్ళు.

పైగా చట్టం వాళ్ళ వెనక నిలబడదు. పెంచిన జంతువుని ఆకలికీ దాహానికీ వదిలేసి పోతే, అదే 1960 చట్టం కింద మొదటి తప్పుకి పడే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు. రెండు ఇరానీ చాయ్‌ల ఖర్చుతో ఒక ప్రాణాన్ని రోడ్డు మీద పారేసి చేతులు దులుపుకోవచ్చు. ఇచ్చిన తర్వాత చేయగలిగిందేమీ లేదు కాబట్టి ఇవ్వకముందే అంతా తేల్చుకుందామని ఫారం పొడుగు పెంచుకుంటూ పోయారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఆ భయంతో వాళ్ళు చేస్తున్న పనిని మాత్రం క్షమించను.

ఎందుకంటే ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర కుక్కని దించేసినవాడు కార్లో వచ్చాడు. ఫారం ఇంగ్లీషులో నింపాడు. భార్యాభర్తలిద్దరూ ఇంటర్వ్యూలో నవ్వుతూ మాట్లాడారు. మీ జల్లెడలోంచి వాడు దర్జాగా దాటాడు, నర్సమ్మాయి చిక్కుకుపోయింది. కుక్కని వదిలేసే రోజు తెచ్చే కారణాలు వేరే ఉంటాయి. అది కరిచింది, సోఫా కొరికింది, రాత్రంతా ఏడ్చింది, పాపకి ఒంటి మీద దద్దుర్లొచ్చాయి, కొత్త కాలనీ అసోసియేషన్ గొడవ పెట్టింది. ఇవన్నీ ఇచ్చాక వచ్చే కష్టాలు. ఆ వేళ ఫోన్ ఎత్తి "ఇలా చెయ్యండి, వారం ఓపిక పట్టండి, కుదరకపోతే నాకే తెచ్చివ్వండి" అని చెప్పే మనిషి ఉంటే చాలా కుక్కలు ఆ ఇంట్లోనే ఉండిపోతాయి. ఓపికంతా ముందు వడపోతకే ఖర్చుపెట్టినవాళ్ళకి ఆ ఫోన్ ఎత్తే శక్తి ఎక్కడ మిగులుతుంది?

అసలు వీళ్ళు తూకం వేస్తున్నదే తప్పుడు తూకం. ఈ ఇల్లు మంచిదా, అంతకంటే మంచి ఇల్లు దొరుకుతుందా అని చూస్తున్నారు. కుక్కపిల్ల ముందున్నవి ఆ రెండిళ్ళు కావు. ఈ ఇల్లు, లేదంటే రోడ్డు. రోడ్డు సంగతి మనకి తెలుసు. కోల్‌కతాలోని ఐసర్ విజ్ఞాన సంస్థ పరిశోధకులు వీధుల్లో పుట్టిన 364 కుక్కపిల్లల్ని వెంబడించి చూసి 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఏడు నెలల వయసు దాకా బతికినవి నూటికి 19. పోయిన వాటిలో నూటికి 63 పిల్లల చావుకి ఏదో ఒక రకంగా మనుషులే కారణం. బండ్లు తొక్కాయి, విషం పెట్టారు, కొట్టారు, ఎత్తుకుపోయారు. ఐదు పిల్లల్లో నాలుగు పోయే చోట నిలబడి "ఈ ఇంటికి బాల్కనీ చిన్నది" అని పెదవి విరుస్తున్నారు మీరు.

పిల్లలకి మీ విచారణ ముగిసేదాకా ఆగే తీరిక కూడా లేదు. భాద్రపదంలో కుక్కలు జతకడతాయని మన పల్లెల్లో పసిపిల్లలకీ తెలుసు. రెండు నెలల పైచిలుకు మోస్తాయి. చలి మొదలయ్యేసరికి సందుకో ఈత. కుక్కపిల్ల మనిషిని నమ్మడం నేర్చుకునేది పుట్టిన మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల లోపే. ఇంటి చప్పుళ్ళు, మిక్సీ మోత, పసిపిల్లల ఏడుపు, ఆడమగా ముసలీ ముతకా వాసనలు అప్పుడే దాని బుర్రలోకి ఎక్కాలి. ఆ రోజుల్ని మీరు బోర్డింగ్ బోనులో గడిపిస్తున్నారు, ఫలానా ఇల్లు సరిపోదని. అన్ని చోట్ల నుంచీ తెచ్చిన పిల్లల్ని కుక్కే ఆ బోనుల్లోకి పార్వో వైరస్ ఒక్కసారి దూరితే రక్తపు విరేచనాలతో రోజుల్లో ఖాళీ చేస్తుంది. అది దాటి బతికినదానికి ఐదు నెలలొస్తాయి. కాళ్ళు పొడుగవుతాయి, ముద్దుతనం పోతుంది, మనిషిని చూస్తే మూలకి నక్కుతుంది. అప్పుడు పోస్టు పెడతారు: "దీన్నెవరూ అడగడం లేదు, ఎందుకింత కఠినాత్ములు మీరు?" అని. మూడు నెలల కింద దాన్ని అడిగినవాడికి మీరు జవాబే ఇవ్వలేదు!

కాదనిపించుకున్నవాడు ఏం చేస్తాడో తెలుసా? ఊరుకోడు. ఇంట్లో పాప కుక్క కావాలని ఏడుస్తూనే ఉంటుంది కదా. ఫోన్ తెరిచి పప్పీ ఫర్ సేల్ అని కొడతాడు. రెండో నిమిషంలో జవాబు. "షిట్జూ ఉంది సార్, బీగిల్ ఉంది, హస్కీ డబుల్ కోట్ ఉంది, హోమ్ డెలివరీ." యూపీఐలో డబ్బులు పడగానే బుట్టలో పెట్టి గుమ్మంలోకి తెస్తారు. ఇల్లు సొంతమా అని అడగరు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేయించుకోవాలి, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు, అమ్మే ముందు మైక్రోచిప్ వేయించాలి. నెల కూడా నిండని పిల్లల్ని "నలభై ఐదు రోజులు సార్" అని అబద్ధమాడి అంటగట్టేవాడికి ఈ నిబంధన ఒకటుందని కూడా తెలియదు. తెలిసినా లెక్క చేయడు. ఆ అబద్ధపు వయసు కూడా ఎనిమిది వారాలు కాదని కొనేవాడికీ తెలియదు. అమ్మేవాడి ఇంట్లో ఏ చీకటి గదిలోనో ఆ పిల్లల తల్లి ఏడాదికి రెండు ఈతలు ఈనుతూనే ఉంటుంది. "కొనకండి, దత్తత తీసుకోండి" అని టీషర్టు మీద అచ్చేసుకుని, దత్తతకి వచ్చినవాణ్ణి కొనుగోలు వైపు నెట్టేది మీరే. బ్రీడర్లు మీకు కమీషన్ ఇవ్వకపోవడం అన్యాయం.

ఇన్ని గండాలూ దాటి కుక్క ఇంటికొచ్చినవాడి చేత ఒక ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. నెలనెలా వీడియో పంపాలి. చెప్పకుండా వచ్చి చూస్తాం. మాకు నచ్చకపోతే ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాం. అడాప్షన్ అంటారు, పెట్ పేరెంట్ అంటారు, మీ బిడ్డ అంటారు. తీరా ఒప్పందం చదివితే బిడ్డ కాదు, చేబదులు. అమెరికాలోనూ ఈ తంతు ఉంది. 2007లో టీవీ వ్యాఖ్యాత ఎలెన్ డిజెనరస్ ఒక రెస్క్యూ సంస్థ నుంచి తెచ్చుకున్న కుక్క ఇంట్లో పిల్లులతో పడకపోతే, దాన్ని తన హెయిర్ డ్రెస్సర్ కుటుంబానికి ఇచ్చింది. ఒప్పందం ఉల్లంఘించారని సంస్థవాళ్ళు వెళ్ళి కుక్కని తీసుకుపోయారు. అప్పటికే దాన్ని చేరదీసుకున్న పిల్లలు ఏడ్చారు, ఎలెన్ టీవీలో ఏడ్చింది, దేశమంతా గొడవైంది. కంచె ఉన్న పెరడు లేదని అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళని పక్కన పెట్టే గుంపులు అక్కడా ఉన్నాయి. మనవాళ్ళు డాలస్‌లో ఉన్నా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా ఈ ప్రశ్న తప్పదు. కాకపోతే అక్కడి పెద్ద షెల్టర్లు చాలావరకు తెలివి తెచ్చుకుని, అర్హతల జాబితా పక్కన పెట్టి, వచ్చినవాళ్ళతో కూర్చుని మాట్లాడి ఇచ్చే పద్ధతికి మారాయి. ఉచితంగా ఇస్తే విలువ ఉండదని భయపడి డిపాజిట్లు అడిగేవాళ్ళకి కూడా ఒక మాట: డబ్బు కట్టి పెద్ద పిల్లుల్ని తెచ్చుకున్నవాళ్ళనీ ఊరికే తెచ్చుకున్నవాళ్ళనీ పోల్చి చూసిన అమెరికా అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. ఊరికే తెచ్చుకున్నవాళ్ళకి మమకారం ఏమీ తగ్గలేదు.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండించేది వేరే ఉంది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. జంతుప్రేమికులు దేశమంతా రోడ్డెక్కారు. హైదరాబాదులోనూ కొవ్వొత్తులు, ప్లకార్డులు. మనిషీ కుక్కా వేల ఏళ్ళుగా కలిసి బతికారు, జనాన్ని నమ్మండి, బోనులు వద్దు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుని మార్చింది. ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని, రేబిస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప, పట్టిన చోటే వదలమంది. అదే ఉత్తర్వులో ఇంకో మాట ఉంది: వీధి కుక్కల్ని దత్తత తీసుకోవాలనుకునేవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, తీసుకున్న కుక్క మళ్ళీ వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్ళదే. ఆ నెలలోనే జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. నవంబరు 7న కోర్టు మళ్ళీ బిగించింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కల్ని తీసేయాలి, అక్కడే తిరిగి వదలకూడదు.

ఇప్పుడు చెప్పండి. జనాన్ని నమ్మండి అని కోర్టుకి చెప్పింది మీరే కదా? వీధిలో తిరిగే కుక్కని ఆ వీధిలోని వందలాది మంది ముక్కూ మొహం తెలియని మనుషుల దయకి వదిలేయొచ్చు. వాళ్ళెవరికీ ఫారం లేదు, హోమ్ చెక్ లేదు, పెళ్ళి ప్రశ్న లేదు. ఆ వందల్లో ఒక్కడు ముందుకొచ్చి "దీన్ని మా ఇంట్లోకి తీసుకుపోతాను, టీకా వేయిస్తాను, నా మంచం కింద పడుకోబెడతాను" అన్న మరుక్షణం వాడు అనుమానితుడైపోతాడు. ఆధార్ తియ్యి, వీడియో తియ్యి, అత్తగారి అభిప్రాయం తే. రెండు నాల్కలతో మాట్లాడటం అంటే ఇదే. స్టేషన్లూ బడులూ ఖాళీ చేయించే ఉత్తర్వు అమలైతే ఆ కుక్కలకి మిగిలేవి రెండే చోట్లు, బోను లేదా ఇల్లు. బోను వద్దన్నారు. ఇళ్ళు మీరే మూస్తున్నారు.

అడగొద్దని నేననడం లేదు. కుక్కకి వచ్చే ప్రమాదం గురించి ఎన్నైనా అడగండి. పిల్లిని తీసుకునేవాడి బాల్కనీకి వల ఉందో లేదో నిర్దాక్షిణ్యంగా అడగండి. ఐదో అంతస్తు నుంచి పడ్డ పిల్లిని చూసినవాళ్ళెవరూ ఆ ప్రశ్నని వెక్కిరించరు. దగ్గర్లో ఏ పశువుల డాక్టరు ఉన్నాడో అడగండి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలని చెప్పండి, వేశాక చీటీ ఫొటో అడగండి. ఆపరేషన్ షరతు ఒక్కటి మాత్రం నేను చచ్చినా వదలను. పెద్ద కుక్కనైతే చేయించే ఇవ్వండి, పిల్లనైతే ఆరో నెలలో మీరే ఫోన్ చేసి, కావాలంటే మీరే తీసుకెళ్ళి చేయించండి. అది లేకుండా ఇచ్చిన ప్రతి ఆడపిల్లా రేపు మీ పేజీలో ఇంకో అట్టపెట్టె.

అద్దె ఇల్లయితే ఓనర్ని ఒక ఫోన్ కాల్‌లో అడిగితే తేలిపోతుంది, ఉత్తరాలెందుకు? ఒంటరి ఆడపిల్లయితే పెళ్ళి సంగతి వదిలేసి, ఊరెళ్ళినప్పుడు కుక్కని ఎవరి దగ్గర ఉంచుతుందో అడగండి. వాచ్‌మన్ అయితే ఫారం పక్కన పడేసి సెల్లార్లోకి దిగి ఒక గంట కూర్చోండి, చాయ్ ఇస్తారు, తాగండి, ఆ ఇంట్లో గిన్నెలో కుక్కకి ఏం వేశారో చూడండి. మొదటి వారం రోజూ, మొదటి నెల వారానికోసారి ఫోన్ చేయండి. వీడియో అడిగి భయపెట్టడానికి కాదు, అది రాత్రిళ్ళు ఏడుస్తోందా, ఏం తింటోంది అని కనుక్కోవడానికి. ఇచ్చింది నిలవకపోతే ముఖం చిట్లించకుండా వెనక్కి తీసుకోండి. తిరిగి తెచ్చినవాణ్ణి పేజీలో పేరు పెట్టి, ఫొటో పెట్టి పరువు తీసే దిక్కుమాలిన అలవాటు మానండి. దాన్ని చూసిన రెండోవాడు మీ దగ్గరికి తేకుండా ఏ రోడ్డు పక్కనో దించిపోతున్నాడు.

ఇంత చేశాక కూడా కొందరికి ఇవ్వకూడదనిపిస్తుంది. సరే, ఇవ్వకండి. కానీ ఇస్తామంటూ నాలుగు రోజులు, ఫైనల్ కాలేదంటూ ఇంకో నాలుగు రోజులు తిప్పి, నీలం టిక్కులతో వదిలేయకండి. కాదంటే కాదని చెప్పండి. ఎందుకు కాదో ఒక్క ముక్క రాయండి, తెలుగులో.